శక్తికి రూపం: మూడు శిల్పాల పరిశీలన

శక్తి కంటికి కనిపించే పదార్థం కాదు. పరుగెత్తే రైలు కనిపిస్తుంది గాని దాన్ని పరుగెత్తించే శక్తి కనిపించదు. వెలిగే దీపం కనిపిస్తుంది గాని ఆ వెలుగు కొరకు వందల మైళ్ళ దూరాన కాలిన బొగ్గు కనిపించదు. గృహస్థుకు తన ఇంట ఖర్చయ్యే విద్యుచ్ఛక్తితో ఉన్న పరిచయమంతా నెలకొకసారి వచ్చే బిల్లుతోనే. ఆ బిల్లు రూపాయలను చెప్పినంత స్పష్టంగా మరి దేనినీ చెప్పదు.

ఇట్లా అగోచరమైన దానికి రూపం ఇవ్వాలన్న కోరిక శిల్పులకు కలగటం సహజమే. గత రెండు మూడు దశాబ్దాలుగా పాశ్చాత్య దేశాలలో అనేకమంది శిల్పులు ఇంధన వినియోగాన్ని తమ రచనలకు వస్తువుగా తీసుకొన్నారు. వాతావరణ మార్పును గురించి అంతర్జాతీయ సమావేశం జరిగితే చాలు, ఆ నగరపు కూడళ్ళలో అట్టి శిల్పాలు కొన్ని వెలుస్తున్నవి. కళావిమర్శకులు వాటి ఆకృతిని, అమరికను, అవి కలిగించే భావాన్ని విచారిస్తారు. సైన్సు చదివినవారు ఇంకొక ప్రశ్న కూడా అడగవలసి ఉన్నది. శిల్పాన్ని చూసి ఇంటికి వెళ్ళిన మనిషి తలలో మిగిలిన భావం నిజమేనా?

ఈ ప్రశ్న కళపై పెత్తనం చేయటానికి పుట్టినది కాదు. ఒక విగ్రహానికి నాలుగు చేతులుండవలెనా, ఎనిమిదా అన్నది శిల్పశాస్త్రం తేల్చే విషయం. భౌతికశాస్త్రానికి అందులో జోక్యం లేదు. కాని "మీరు ఖర్చు చేసే శక్తి ఇదిగో" అని చెప్పుకొనే శిల్పం తనంతట తానే కొలతల లోకంలో అడుగు పెట్టింది. అక్కడి న్యాయం దానికీ వర్తిస్తుంది.

కొలబద్ద ఏది?

అగోచరమైన దాన్ని ప్రజల కళ్ళకు కట్టించటంలో శాస్త్రజ్ఞులకు కూడా అనుభవం కలదు. 1851లో లియోన్ ఫూకో పారిస్ నగరంలోని పాంథియన్ భవనపు గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును కట్టి ఊగనిచ్చారు. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని అప్పటికే చదువుకొన్నవారందరికీ తెలుసు. కాని ఆ భ్రమణాన్ని గది లోపల నిలబడి చూసినవారు లేరు. లోలకం ఊగే తలం కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతూ ఉండటాన్ని ఇప్పుడు జనం కళ్ళారా చూశారు. నిజానికి జరిగినది తలం కాదు, చూసేవారి కాళ్ళ కింది నేల.

ఆ ప్రదర్శనలో మూడు గుణాలున్నవి. మొదటిది, అక్కడ ఉన్నది భూభ్రమణానికి బొమ్మ కాదు. భ్రమణమే అక్కడ పని చేస్తున్నది. రెండవది, దానికి పరిమాణం ఉన్నది. పారిస్ అక్షాంశం వద్ద ఆ తలం గంటకు 11 డిగ్రీలకు పైగా జరుగుతుంది. అదే లోలకాన్ని హైదరాబాదులో వేలాడదీస్తే గంటకు సుమారు నాలుగున్నర డిగ్రీలు మాత్రమే జరుగుతుంది. కోణమాని చేత పట్టుకొన్న ఏ విద్యార్థి అయినా ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. మూడవది, అది కాలంలో సాగే ఘటన. గంట సేపు నిలబడినవారికి అది గంట పాటు బోధిస్తుంది.

ఘటన, పరిమాణం, కాలం అనే ఈ మూడింటినీ కొలబద్దగా తీసుకొని, శక్తిని గురించి ఇటీవలి కాలంలో ప్రసిద్ధికెక్కిన మూడు రచనలను ఒకే ప్రదర్శనశాలలో పక్కపక్కన నిలిపినట్లు భావించి పరిశీలించవచ్చు. అవి వేరు వేరు శిల్పులు, వేరు వేరు చోట్ల చేసినవి. ఒకదాని లోపం మరొకదాని పక్కన నిలబెడితేనే తెలుస్తుంది.

దీపాలు నాటిన పొలం

మొదటిది రిచర్డ్ బాక్స్ రచన. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో ఆయన అతిథి కళాకారుడుగా ఉండేవారు. 2004 ఫిబ్రవరిలో, బాత్ నగరానికి సమీపాన 4 లక్షల వోల్టుల విద్యుత్ లైన్లు దాటిపోయే ఒక పొలంలో, 1,301 ట్యూబ్‌లైట్లను వరి నారు నాటినట్లు వరుసలుగా నేలలో నిలువునా నాటారు. ఏ ట్యూబుకూ తీగ లేదు, స్విచ్చి లేదు. పగటి వెలుగులో అవి ఒట్టి తెల్లని గాజు గొట్టాలు. సందెచీకటి పడగానే పొలమంతా మెల్లగా వెలగసాగింది.

ఈ రచనకు ఆయన పెట్టిన ఇంగ్లీషు పేరుకు పొలం అనీ, విద్యుత్ క్షేత్రం అనీ రెండర్థాలున్నవి. తెలుగులో 'క్షేత్రం' అన్న మాట కూడా ఈ రెండర్థాలనూ మోస్తుంది గదా.

ట్యూబులు వెలగటానికి కారణం పై తరగతుల విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. అంత ఎత్తు వోల్టేజి గల తీగకూ నేలకూ మధ్య బలమైన విద్యుత్ క్షేత్రం ఉంటుంది. నేల దగ్గర కూడా అది మీటరుకు కొన్ని వేల వోల్టులు ఉండవచ్చు. ట్యూబు అడుగు భాగం నేలలో, పై భాగం గాలిలో ఉన్నవి కనుక ఆ రెండు కొనల మధ్య పొటెన్షియల్ భేదం ఏర్పడుతుంది. లోపలి పలుచని వాయువులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడతవి. పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తుంది. గొట్టం లోపలి పూత వాటిని తెల్లని వెలుగుగా మారుస్తుంది. మనిషి దగ్గరకు వెళితే ట్యూబు మసకబారుతుంది. ఉప్పునీటితో నిండిన మనిషి శరీరం మంచి వాహకం. క్షేత్రంలో కొంత భాగాన్ని అది తనవైపు లాక్కొంటుంది. చూడవచ్చినవాడే దీపం తగ్గటానికి కారణం కావటం ఈ రచనలోని అతి సుందరమైన అంశం.

ఘటన అనే గుణంలో బాక్స్ రచనకు పూర్తి మార్కులు ఇవ్వవలె. విద్యుత్ క్షేత్రాన్ని గురించి పాఠ్యపుస్తకంలోని బాణం గీతలు పది పుటలలో చెప్పలేని దాన్ని ఆ పొలం ఒక్క సాయంత్రంలో చెప్పింది. చిక్కు పరిమాణం దగ్గర వస్తున్నది. తీగ లేకుండా వెలిగే 1,301 దీపాలను చూసిన సామాన్యుడు ఏమనుకొంటాడు? "ఇంత కరెంటు గాలిలో కారిపోతున్నదా!" అనుకొంటాడు. ప్రమాదాన్ని గాని, వృథాను గాని చాటటం శిల్పి ఉద్దేశం కాకపోవచ్చు. కాని ఆ భావం కలగకుండా అడ్డుపడేది ఆ పొలంలో ఏమీ లేదు.

లెక్క చూద్దాం. ఒక్కొక్క ట్యూబు ఆ క్షేత్రం నుంచి ఒక వాటు చొప్పున తీసుకొన్నదని ఉదారంగా అనుకొన్నా, మొత్తం 1,301 వాట్లు. అది ఒక ఇస్త్రీపెట్టె తీసుకొనే శక్తికి కొంచెం ఎక్కువ. అట్టి లైను మోసే శక్తి వందల మెగావాట్లు. 500 మెగావాట్లు అనుకొంటే, దీపాల వాటా పది లక్షల్లో మూడు వంతుల లోపే. పైగా ట్యూబులు నాటకపోతే ఆ కొద్ది కూడా ఖర్చు కాదు. లైన్లలో నిజంగా జరిగే నష్టం మరొక చోట ఉన్నది. విద్యుత్ ప్రవాహం తీగను వేడిచేయటం వలన కలిగే నష్టం అది. ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజిని రెట్టింపు చేస్తే అదే శక్తిని సగం ప్రవాహంతో పంపవచ్చు, అప్పుడు నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. రామగుండం నుంచీ, సింహాద్రి నుంచీ 4 లక్షల వోల్టుల లైన్లు వేసినది అందుకే. అనగా, ఏ ఎత్తు వోల్టేజిని చూసి ప్రేక్షకుడు "వృథా" అనుకొంటాడో, ఆ ఎత్తు వోల్టేజియే వృథాను అరికట్టే సాధనం. శిల్పం చూపిన ఘటన నిజం. అది మనసులో మిగిల్చే ముగింపు తలకిందులు.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక హెచ్చరిక చేయటం మరువరాదు. విద్యుత్ లైన్ల కింద గాజు గొట్టాలు గాని, ఇనుప కడ్డీలు గాని ఎత్తి చూడటం ప్రాణాంతకం. ఈ ప్రయోగాన్ని విద్యార్థులు ఎట్టి పరిస్థితిలోనూ అనుకరించరాదు.

ఒక టన్ను వాయువు

రెండవది 2009 డిసెంబరులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశం జరిగినప్పుడు వెలసినది. శిల్పి ఆల్ఫియో బొనానో, వాస్తుశిల్పి క్రిస్టాఫ్ కార్నుబేర్ కలిసి, నగరం మధ్యనున్న ఒక సరస్సు నీటిమీద, సరుకు రవాణాకు వాడే ఇనుప కంటెయినర్లను పేర్చి ఒక పెద్ద ఘనాన్ని నిలిపారు. దాని భుజం 27 అడుగులు, అనగా సుమారు 8.2 మీటర్లు, మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. సాధారణ పీడనంలో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ ఆక్రమించే చోటు అంత. పారిశ్రామిక దేశపు మనిషి ఒకడు సగటున ఒక నెలలో గాలిలోకి వదిలే వాయువు అదేనని రచయితలు చెప్పారు.

ఈ లెక్కను పదవ తరగతి విద్యార్థి కూడా సరిచూడగలడు. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44. కనుక 44 గ్రాముల వాయువు 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 24 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఒక టన్నులో పది లక్షల గ్రాములు. భాగించి హెచ్చిస్తే దాదాపు 545 ఘనపు మీటర్లు వస్తుంది. 8.2ను మూడుసార్లు హెచ్చిస్తే 551. శిల్పులు లెక్క తప్పలేదు.

పరిమాణంలో ఇంత నిజాయితీ గల శిల్పం అరుదు. పూర్వం మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అని పిలిచిన ఈ వస్తువుకు రంగు లేదు, వాసన లేదు. అది టన్నులలో తూగుతుందంటే చాలామందికి నమ్మకం కుదరదు. పొగగొట్టం నుంచి వెళ్ళిపోయినది ఎక్కడికో పోయిందన్న భ్రమను ఆ ఘనం పోగొట్టింది. "ఇంత చోటు" అని చేయి చాచి చూపింది.

అయితే అది ఒట్టి పెట్టె. లోపల వాయువు లేదు, ఘటన లేదు. గోడలపై దృశ్యాలు ప్రసారం చేసి దానికి చలనం తెచ్చిపెట్టారు గాని ఆ చలనానికీ వాయువుకూ సంబంధం లేదు. అంతకంటె ముఖ్యమైన లోటు కాలానిది. ఒక టన్ను అనేది ఒక రాశి. మానవజాతి చేస్తున్న పని ఒక ప్రవాహం. బొగ్గు, చమురు, సహజవాయువు, సిమెంటు తయారీ కలిసి ఇటీవలి సంవత్సరాలలో ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతున్నవి. సంవత్సరంలోని సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 1,200 టన్నులు. గడియారం ముల్లు ఒకసారి కదిలేలోగా అట్టి ఘనాలు పన్నెండు వందలు! నీటిమీద కదలకుండా నిలిచిన ఒక్క ఘనం ఈ వేగాన్ని చెప్పలేదు. అది స్మారక స్తంభం వలె గతాన్ని తలపిస్తుంది. ఇంకా జరుగుతున్న దాన్ని తలపించదు.

కరిగే గడియారం

మూడవది ఎక్కువ పేరు పొందినది. డెన్మార్కు, ఐస్‌లాండ్ దేశాలకు చెందిన ఒలాఫర్ ఎలియాసన్, గ్రీన్‌లాండ్‌కు చెందిన భూగర్భశాస్త్రజ్ఞుడు మినిక్ రోసింగ్‌తో కలిసి దీన్ని రూపొందించారు. గ్రీన్‌లాండ్ మంచు పలక నుంచి విరిగి, న్యూక్ పట్టణం వద్ద సముద్రపు పాయలో తేలుతున్న మంచుగడ్డలను పట్టుకొని, శీతలీకరించిన కంటెయినర్లలో ఓడపైనా, లారీలపైనా తరలించారు. 2014లో కోపెన్‌హేగన్‌లో, 2015 డిసెంబరులో పారిస్‌లో, 2018లో లండన్‌లో వాటిని బహిరంగ స్థలాలలో ఉంచారు. పారిస్‌లో 80 టన్నుల మంచు 12 గడ్డలుగా, గడియారపు అంకెల వలె వలయాకారంలో నిలిచింది. వాతావరణ ఒప్పందం కొరకు దేశాల ప్రతినిధులు ఆ నగరంలోనే చర్చిస్తున్న రోజులవి. జనం వచ్చి గడ్డలను తాకారు, కౌగిలించుకొన్నారు, చెవి ఆనించి విన్నారు. వేల ఏళ్ళ క్రితం కురిసిన మంచులో చిక్కిన గాలి బుడగలు కరుగుదలలో చిటపటమని పగులుతవి. ఆ చప్పుడు ఎంతో పురాతనమైన గాలి విడుదల అవుతున్న చప్పుడు.

ఈ గడ్డలను నిలిపినది పాంథియన్ భవనం ఎదుట. ఫూకో లోలకం ఊగిన భవనం అదే. కనుక ఈ రచనను ఆ కొలబద్దతోనే కొలవటం న్యాయంగా ఉంటుంది.

ఘటన ఉన్నది: మంచు నిజంగానే కరుగుతున్నది. కాలం కూడా ఉన్నది: నిన్న వచ్చినవాడు నేడు వస్తే గడ్డ చిన్నదై ఉంటుంది. బాక్స్ పొలంలో లేని, కోపెన్‌హేగన్ ఘనంలో లేని ఈ సంయోగం వల్లనే ఆ రచన ప్రేక్షకుల మనసును అంతగా పట్టింది. మరి పరిమాణం?

ఒక కిలోగ్రాము మంచు 0 డిగ్రీల వద్ద కరగటానికి 334 కిలోజౌళ్ళ గుప్తోష్ణం కావలె. వెయ్యి వాట్ల హీటరు అయిదున్నర నిమిషాల పాటు ఇచ్చే ఉష్ణం అది. 80 టన్నులకు లెక్క కడితే సుమారు 7,400 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి అది ఆరేళ్ళ ఖర్చు. ఒక నగరం నడిబొడ్డున గుట్టలుగా నిలిచి లోకాన్ని కదిలించిన మంచు కరగటానికి కావలసినది ఒక చిన్న సంసారం ఆరేళ్ళలో వాడే విద్యుచ్ఛక్తి పాటి మాత్రమే. ఆ సంగతి ప్రేక్షకునికి చెప్పి ఉంటే గడ్డ మీద ఆనించిన అతని చేయి మరొక విధంగా వణికి ఉండేది.

ఇక గ్రీన్‌లాండ్‌లో జరుగుతున్న దానితో పోల్చి చూడవలె. 2002 నుంచి కృత్రిమ ఉపగ్రహాలు గురుత్వాకర్షణలోని మార్పులను బట్టి ఆ మంచు పలకను తూస్తున్నవి. అది సగటున ఏటా సుమారు 27,000 కోట్ల టన్నుల మంచును కోల్పోతున్నది. సెకనుకు సుమారు 8,500 టన్నులు. పారిస్‌లో రోజుల తరబడి కరిగిన 80 టన్నులు గ్రీన్‌లాండ్‌లో సెకనులో నూరో వంతు కూడా పట్టని పని. నింపాదిగా కరిగే పన్నెండు గడ్డలు ఆ వేగాన్ని చూపవు. పైగా "ఇంకా చాలా వ్యవధి ఉన్నది" అన్న ఊరటను కూడా ఇవ్వవచ్చు.

అంతకంటె పెద్ద మౌనం కారణం విషయంలో ఉన్నది. ఇంధనాలు మండించిన వేడి నేరుగా వెళ్ళి మంచును కరిగిస్తున్నదని చాలామంది విద్యార్థుల ఊహ. మానవజాతి వాడే శక్తి అంతా కలిపినా దాని రేటు సుమారు 2 కోట్ల మెగావాట్లు. భూమి తాను పొందే ఉష్ణంలో తిరిగి అంతరిక్షానికి పంపలేక నిలుపుకొంటున్న మిగులు చదరపు మీటరుకు దాదాపు ఒక వాటు. భూగోళపు వైశాల్యం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు కనుక మొత్తం సుమారు 50 కోట్ల మెగావాట్లు. అనగా మనం పుట్టించే వేడికి పాతిక రెట్లు. అపరాధి పొయ్యిలోని మంట కాదు. మంట ఆరిన పిమ్మట కూడా శతాబ్దాల పాటు గాలిలో మిగిలే కార్బన్ డయాక్సైడ్. పొయ్యి ఒకనాడు వెలిగి ఆరుతుంది. అది కప్పిన దుప్పటి మాత్రం ఉండిపోతుంది.

విచిత్రమేమంటే, దీనికి సాక్ష్యం ఎలియాసన్ మంచుగడ్డల వంటి పురాతనమైన మంచులోనే ఉన్నది. పాత మంచులోని బుడగలను విశ్లేషించే, ముఖ్యంగా అంటార్కిటికా మంచు నుంచి, పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలుండేదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇప్పుడది 420 దాటింది. జనం చెవి ఆనించి విన్న చిటపటల వెనుక ఈ కథ అంతా ఉన్నది. రెండంకెలు గల ఒక్క పలక ఆ గడ్డల పక్కన నిలిపితే కరుగుదలకూ కారణానికీ వంతెన పడేది. అంకెలు కళను చెరుపుతవన్న భయం చేతనో ఏమో, చాలామంది శిల్పులు ఈ వంతెనను కట్టరు.

ఈ రచనపై వచ్చిన ప్రధానమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. మంచును కాపాడమని చెప్పటానికి మంచును అంత దూరం మోసుకొని రావాలా అన్నది. పారిస్ ప్రదర్శన కారణంగా సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడినవని నిర్వాహకులే లెక్క కట్టించి ప్రకటించారు. అందులో ఎక్కువ భాగం రవాణా వలననే. కోపెన్‌హేగన్ ఘనాన్ని ప్రమాణంగా తీసుకొంటే అట్టివి ముప్ఫై. దాన్నంతా డీజిల్ అనుకొంటే సుమారు 11,000 లీటర్లు. ఆ నూనెలోని ఉష్ణం లక్షా పదివేల యూనిట్లు. అనగా 80 టన్నులను కరిగించటానికి కావలసిన ఉష్ణానికి దాదాపు పదిహేను రెట్ల ఇంధనం వాటిని మోయటానికి, మోసేటంతసేపు చల్లగా ఉంచటానికి ఖర్చయింది. ఇది హాస్యానికి తగిన విషయంగా కొందరికి తోచవచ్చు. కాని తన ఖర్చును తానే తూచి చూపించిన శిల్పి మెచ్చదగినవాడు. పెళ్ళిపందిళ్ళలోనూ, రాజకీయ సభలలోనూ వెలిగే దీపాల లెక్క అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు. విచారించవలసినదల్లా ఈ పదిహేను రెట్ల సంగతి శిల్పంలో భాగం కాకుండా నివేదికలో ఉండిపోవటమే. ఇంధన వినియోగాన్ని గురించి ఆ ప్రదర్శన చెప్పగలిగిన అన్నిటిలోకీ పదునైన మాట అదే.

తీర్పు

పొలంలో ఘటన ఉన్నది, పరిమాణం తప్పుదోవ పట్టింది. ఘనంలో పరిమాణం ఉన్నది, ఘటన గాని కాలం గాని లేదు. మంచులో ఘటనా కాలమూ ఉన్నవి, పరిమాణం, కారణం మౌనంగా ఉండిపోయినవి. సౌందర్యంలో మొదటిది, నిజాయితీలో రెండవది, మనసును కదిలించటంలో మూడవది ముందున్నవి. మూడూ కలిసిన శిల్పం ఇంకా రావలసి ఉన్నది. ఫూకో లోలకం అది అసాధ్యం కాదని చెబుతున్నది.

పరిమాణం మీద ఇంత పట్టు ఎందుకని అడగవచ్చు. భావం కలిగితే చాలదా, అంకెలు పుస్తకాలలో ఉన్నవి గదా అని. చాలదు. భావం ఒక్కటే మిగిలిన మనిషి ఏదో ఒకటి చేస్తాడు. ఏది చేయవలెనో అతనికి తెలియదు. సెల్‌ఫోను చార్జరును గోడకు వదిలివేయటం మహా అపరాధమని భావించి, రోజూ శ్రద్ధగా తీసివేసే ఇళ్ళు చాలా ఉన్నవి. మంచిదే. కాని ఫోను తగిలించని చార్జరు తీసుకొనేది సుమారు వాటులో పదో వంతు. సంవత్సరం పొడుగునా గోడకు ఉన్నా ఒక యూనిట్ కాదు. అదే ఇంట్లో 2,000 వాట్ల గీజరు పావుగంట పనిచేస్తే అర యూనిట్. రెండు రోజుల స్నానం ఏడాది చార్జరును మించిపోయింది. చార్జరు తీసిన తృప్తితో గీజరును మరచిన గృహస్థు చెడ్డవాడు కాదు. అతనికి భావం ఉన్నది, కొలత లేదు. కొలత లేని శిల్పం అతనికి మరికొంత భావాన్ని ఇచ్చి పంపుతుంది.

పాఠశాల ప్రదర్శనలకు

ఈ విమర్శ దూరదేశపు శిల్పులకు మాత్రమే వర్తించేది కాదు. ఏటా జరిగే వైజ్ఞానిక ప్రదర్శనలలో మన విద్యార్థులు 'శక్తి పొదుపు' అన్న శీర్షికతో ఎన్నో నమూనాలు తెస్తున్నారు. థర్మోకోల్ భూగోళం, దాని కళ్ళనుంచి కారే కన్నీరు, పక్కన ఒక ఎండిన చెట్టు. శ్రమ ఉన్నది, భావం ఉన్నది. ఆ బల్ల ముందు నిలిచినవారికి తెలిసినది మాత్రం వారు ముందే ఎరిగినది.

కోపెన్‌హేగన్ శిల్పుల పద్ధతిని ఏ గ్రామపు పాఠశాల అయినా ఖర్చు లేకుండా అనుసరించవచ్చు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తు ఉత్పత్తికి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. మన వేసవి ఉష్ణోగ్రతల వద్ద అది ఆక్రమించే చోటు దాదాపు 0.4 ఘనపు మీటర్లు. 73 సెంటీమీటర్ల వెదురు పుల్లలు పన్నెండు తీసుకొని దారంతో కడితే ఆ ఘనం సిద్ధమవుతుంది. అది ఒక్క యూనిట్. విద్యార్థులు తమ తమ ఇళ్ళ బిల్లులను తెచ్చి నెలకు ఎన్ని ఘనాలో లెక్క కట్టవలె. 100 యూనిట్ల ఇంటికి వచ్చే మొత్తం 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని దాదాపు నింపుతుంది. తరగతి గదిలో నిలబడి "ఇది ఒక నెల" అని చెప్పవచ్చు.

కాలం, ఘటన కూడా కావాలంటే దాని పక్కన ఒక గిన్నెలో కిలో మంచు, ఒక ఉష్ణమాపకం ఉంచవలె. మంచు పూర్తిగా కరిగేదాకా, అప్పుడప్పుడూ కలియబెడుతూ ఉంటే, పాదరసం 0 డిగ్రీల దగ్గరే నిలిచి ఉండటం పిల్లలు చూస్తారు. లోపలికి పోతున్న ఉష్ణం కనిపించదు గాని దాని లెక్క 334 కిలోజౌళ్ళని వారికి తెలుసు. అది యూనిట్‌లో పదో వంతుకు కొంచెం తక్కువ. వెదురు ఘనంలో పదో వంతును రంగు కాగితంతో గుర్తించి మంచుగిన్నెకు ఎదురుగా నిలిపితే, వాడిన శక్తీ, దానికి గాలి మోసిన బరువూ పక్కపక్కన కనిపిస్తవి.

ఇట్టి నమూనాలో పనితనం తక్కువగా ఉండవచ్చు. థర్మోకోల్ భూగోళమంత అందంగా ఉండకపోవచ్చు. కాని చూడవచ్చిన రైతు గాని, తల్లి గాని తమ ఇంటి బిల్లును తీసి అక్కడికక్కడే సరిచూసుకోగలుగుతారు. న్యాయనిర్ణేతలుగా కూర్చొనే ఉపాధ్యాయులు బహుమతి నిర్ణయించే ముందు ప్రతి బల్ల వద్దా "ఇది దేనిని చూపుతున్నది?" అని అడగటం వాడుక. ఇకమీదట "ఎంత?" అని కూడా అడగటం అవసరం.